మరిడమ్మ దిగిందా?

శ్రావణ బహుళ తదియ, బుధవారం, పొద్దున్న పది గంటల ఇరవై నిమిషాలు. తిథి ఉంది, వారం ఉంది, గంట ఉంది. ఏ సంవత్సరమో మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పలేరు. లారీలకి ముక్కులు పొడుగ్గా ఉండే కాలం అనేవారు మా అత్తగారు. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పారు. ఇప్పుడు నేను మీకు చెబుతున్నాను. ఆ మరిడమ్మ తల్లికి మనసులో ఓ దణ్ణం పెట్టుకుని వినండి.

అనగనగా ఓ కాలవ. కాలవ గట్టున ఓ రోడ్డు. రోడ్డు పక్కన ఓ బియ్యం గోడౌను. బస్తాలు తెచ్చేది లారీ డ్రైవర్లు. దింపేది ముఠా, అంటే పన్నెండు మంది హమాలీలు. వాళ్ళ మేస్త్రి పేరు తాతబ్బాయి, ఆ పన్నెండు మందిలో అతనొకడు. దించుకున్నామని కాగితం మీద సంతకం పెట్టేది గుమాస్తా కామేశంగారు.

వీళ్ళకీ వాళ్ళకీ పొద్దస్తమానం తగువే. ఆ తగువంతా చిరిగిన బస్తా గురించి.

"మీ కొక్కేలు తగిలి చిరిగింది" అనేవాళ్ళు డ్రైవర్లు.

"నువ్వు చిరిగిందే తెచ్చావు, కళ్ళు కనపడలేదా?" అనేది ముఠా.

"ఎవరు చింపినా నేను దించుకోను, వెనక్కి పట్టుకుపో" అనేవారు గుమాస్తాగారు.

మాటా మాటా పెరిగేది. లారీలు గేటు బయట నిలిచిపోయేవి. అప్పుడు మరిడమ్మ లేచేది.

మరిడమ్మ ఎవరంటే, ఎవరూ కాదు. నల్లగా, సన్నగా, వంగిన నడుముతో ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. బొడ్లో ఓ దబ్బనం, భుజాన ఓ పురికొస ఉండ. చిరిగిన బస్తా దగ్గరికి వెళ్ళి కూలబడేది. దబ్బనం దించేది, పురికొస లాగేది, ముడి వేసేది. తగువు తీరిపోయేది. ఎవరూ ఆవిణ్ణి పనిలో పెట్టుకోలేదు. కింద రాలిన నూకలు ఊడ్చుకుని పట్టుకెళ్ళేది, అదే ఆవిడ కూలి.

ఓసారి ఏమైందంటే, మధ్యాహ్నం భోజనాలకని గోడౌను తలుపులు వేసి తాళం పెట్టేశారు. మరిడమ్మ లోపల బస్తాల వెనకాల కుడుతూ ఉంది. ఆ చీకట్లో, ఆ ఉక్కలో తలుపు బాదీ బాదీ చేతులు వాచిపోయాయి. తలుపులు తీశాక గుమాస్తాగారి దగ్గరికి వెళ్ళింది.

"బాబుగారూ, మీ పుస్తకంలో నా పేరు రాసుకోండి. జీతం వద్దండి. తలుపు వేసే ముందు ఓసారి పేరు పిలిస్తే చాలండి."

"నువ్వు కుట్టేది లారీ బస్తాలు. గోడౌను పుస్తకంలో ఎలా రాస్తానమ్మా?" అన్నారాయన.

ఇంకోసారి ఏమైందంటే, బస్తాలన్నీ దింపాక ఖాళీ లారీ బయల్దేరిపోయింది. మరిడమ్మ లారీ మీదే ఓ మూల కూర్చుని, చిరిగిన ఖాళీ గోతానికి మాటు వేస్తోంది. రైలు గేటు దగ్గర లారీ ఆగాక డ్రైవరు చూసుకున్నాడు. ఆ డ్రైవరు పేరు గవర్రాజు. మా అత్తగారి మామగారు.

"ఏం అప్పా, ఎక్కడికి ప్రయాణం? అన్నవరం తీసుకెళ్తాననుకున్నావా?" అని పకపకా నవ్వాడు.

ఆవిడా నవ్వింది. "తీసుకెళ్ళు తమ్ముడూ, సత్యదేవుణ్ణి చూసొద్దాం. కానీ ఈసారి బండి కదిపే ముందు వెనక్కి ఓసారి చూడు. నేనుంటాను."

"నువ్వు గోడౌను మనిషివి కదా, వాళ్ళు చూసుకోవాలి గానీ నేనెందుకు చూస్తాను?"

రైలు గేటు నుంచి మూడు మైళ్ళూ ఆవిడ ఎండలో నడిచొచ్చింది. వచ్చి మేస్త్రిని అడిగింది.

"తాతబ్బాయీ, దిగేటప్పుడు మీవాళ్ళని లెక్కపెట్టుకుంటావు కదా. ఆ లెక్కలో నన్నూ వేసుకోవయ్యా."

"ముఠాలో ఆడమనిషా! రేపు నువ్వూ బస్తా నెత్తికెత్తుకుంటావేంటి?" అన్నాడు తాతబ్బాయి. పన్నెండు మందీ నవ్వారు.

ముగ్గుర్ని అడిగింది. ముగ్గురూ కాదన్నారు. మరిడమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. దబ్బనం బొడ్లో దోపుకుని తన పని తను చేసుకుంది.

ఇక ఆ బుధవారం. గవర్రాజు లారీ మూడు రోజులుగా గేటు బయటే ఉంది. మొదటి రోజు "జాగా లేదు" అన్నారు. రెండో రోజు "ముఠా రాలేదు" అన్నారు. మూడో రోజు పొద్దున్న మబ్బు కమ్మాక లోపలికి రమ్మన్నారు. బియ్యం తడిస్తే గుమాస్తాగారు దించుకోరు.

లారీ వెనక భాగం గోడౌను అరుగుకి ఆనించి నిలబెట్టాలి. తొందరలో రెండడుగుల సందు వదిలేశాడు. హమాలీలు లారీ మీదికి ఎక్కి దింపడం మొదలెట్టారు. సగం దింపేసరికి చినుకు పడింది. చూరు నీళ్ళు సరిగ్గా ఆ సందులోకి కారుతున్నాయి, బస్తాల మీద చిందుతున్నాయి.

"తడిసిందంటే ఒక్క బస్తా కూడా దించుకోను! బండి వెనక్కి రానిచ్చి అరుగుకి ఆనించండి!" అని కేకేశారు గుమాస్తాగారు.

తాతబ్బాయి తన వాళ్ళందరినీ అరుగు మీదికి దింపాడు. తలలు లెక్కపెట్టాడు.

"పన్నెండు! అందరం దిగాం. రానీ బావా! రానీ, రానీ, రానీ!"

గవర్రాజు వెనక్కి చూడలేదు. బండి వెనక్కి పోనిచ్చాడు.

చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పాలి. బండి అరుగుకి ఆనలేదు. మధ్యలో ఏదో అడ్డుపడింది. చెక్క చప్పుడు కాదది. రాయి చప్పుడు కాదు.

తాతబ్బాయి వంగి చూశాడు. సందులోంచి ఓ చెయ్యి పైకి ఉంది. అతను గభాలున వెనక్కి తిరిగి తన వాళ్ళని లెక్కపెట్టాడు. పన్నెండు. ఒక్కొక్కణ్ణీ ముట్టుకుంటూ మళ్ళీ లెక్కపెట్టాడు. పన్నెండు. మూడోసారీ పన్నెండే.

"అందరం ఇక్కడే ఉన్నాం కదరా," అన్నాడు. "మరి ఆ చెయ్యి ఎవరిది?"

ఆ చేతిలో దబ్బనం ఉంది.

లారీ అంచున అడుగు బస్తా ఒకటి చిరిగి, బియ్యం ధారగా సందులోకి కారుతోందట. పైనుంచి అందక మరిడమ్మ సందులోకి దిగి కింద నుంచి కుడుతోందట. బండి ముందుకు తీసి చూశారు. బస్తా కుట్టేసి ఉంది. ఒక్క గింజ రాలడం లేదు. దబ్బనం దించింది, పురికొస లాగింది. ముడి మాత్రం వేయలేదు. పురికొస గాలికి వేలాడుతోంది.

పోలీసు జవాను వచ్చాడు. "ఈవిడ ఎవరి మనిషి?" అని గుమాస్తాగార్ని అడిగాడు. ఆయన తల దించుకున్నారు. మేస్త్రిని అడిగాడు. మేస్త్రి అరుగు మీద చతికిలబడిపోయాడు. గవర్రాజుని అడిగాడు. "గోడౌను..." అని మొదలెట్టి ఆగిపోయాడు అతను. ఆవిణ్ణి పెద్దాసుపత్రికి పట్టుకుపోయారు. అక్కడ, తనవాళ్ళు 'ఎవరూ లేరు' అని రాసుకున్నారు.

ఇది జరిగి ఎన్నేళ్ళయిందో. ఇవాళ్టికీ ఆ రోడ్డు మీద ఏ గోడౌనులోనైనా బండి కదలాలంటే డ్రైవరు కిందికి దిగాలి. తాళంచెవి మేస్త్రి చేతిలో పెట్టి, "మరిడమ్మ దిగిందా?" అని అడగాలి. మేస్త్రి బండి మీద చూస్తాడు, బండి కింద చూస్తాడు, సందులో చూస్తాడు. "దిగింది" అంటాడు. అప్పుడే తాళంచెవి ఇస్తాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన డ్రైవర్లు, తెలుగు రానివాళ్ళు కూడా ఆ రెండు మాటలూ నేర్చుకుంటారు. మరిడమ్మ ఎవరని అడిగితే చాలామందికి తెలీదు. అడగడం మాత్రం మానరు. కామేశంగారి పుస్తకం ఎన్నిసార్లు మారినా, మొదటి గీత మీద మొదటి పేరు ఆవిడదే రాస్తారు.

అది గోడౌన్ల మాట. ఇక మా ఇంటి మాట.

ఆ రోజు గవర్రాజు ఇంటికొచ్చి గుమ్మం బయటే కూలబడ్డాడు. తల్లి నరసాయమ్మగారు మంచినీళ్ళిస్తే పుచ్చుకోలేదు. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఒక్కటే అడిగింది.

"నిన్ను తమ్ముడూ అని పిలిచేదా?"

"ఆయ్, పిలిచేదమ్మా."

"మరి జవాను అడిగినా, ఎవరూ లేరని రాసుకున్నా ఎలా ఊరుకున్నావురా?"

మర్నాడు తెల్లవారకముందే నరసాయమ్మగారు తలకి నీళ్ళు పోసుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, కొడుకునీ కోడల్నీ వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. అప్పటికే అక్కడ తాతబ్బాయీ, అతని పదకొండు మందీ గుమ్మం బయటే నిలబడి ఉన్నారు.

"ఏమవుతుందమ్మా మీకు?" అని అడిగాడు లోపలి మనిషి.

"నా పెద్ద కూతురు. మా ఇంటిపేరుతో రాయి నాయనా."

మగవాళ్ళు మరిడమ్మని భుజాన ఎత్తుకుని శ్మశానానికి బయల్దేరారు. గవర్రాజు ముందు నడిచాడు. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళరు కదా, అందుకని నరసాయమ్మగారు కోడలి చెయ్యి పట్టుకుని గోడౌనుకి నడిచింది. లారీ ఎక్కడిదక్కడే ఉంది. ఆ బస్తాని ఎవరూ ముట్టుకోలేదు. గుమాస్తాగారు దాని పక్కనే, దబ్బనం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇలా ఇవ్వండి బాబూ" అంది నరసాయమ్మగారు.

వేలాడుతున్న పురికొస అందుకుంది. దబ్బనానికి ఎక్కించింది. గట్టిగా లాగింది. ముడి వేసింది.