మేడ మీది రెండు పలకలు

మా సుందరశివరావు మాస్టారికి గదిలో కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా "పదండి, మేడ మీదికి" అనేవారు. మోకాళ్ళ నొప్పులున్న నాలాంటివాళ్ళం ఏకంగా ప్రశ్నలే మానుకున్నాం.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న హైమవతి మాత్రం ఆ రోజు నిలదీసింది. కొండ మీది ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల టీకాలు చల్లగా ఉంచే పెట్టెకు సౌర పలక కావాలన్నారు. ఐదేళ్ళు కష్టపడి ఆమె ప్లాస్టిక్ లాంటి పల్చని పొరతో చేసిన సేంద్రియ సౌర పలక ఉండగా, మాస్టారు బజారులో దొరికే సిలికాన్ పలకకు సంతకం పెట్టారు.

"నాది చాపలా చుట్టి మోసుకెళ్ళొచ్చు. మబ్బు పట్టినా పనిచేస్తుంది. ఎనిమిది నెలలు రెండూ మేడ మీద పక్కపక్కనే ఉన్నాయి, నాది ఇచ్చే కరెంటు ఇసుమంతైనా తగ్గలేదు. ఇంకేం లోపం కనబడింది మాస్టారూ?" అంది. పాపం, ఆ పలక వెళ్ళకపోతే ఆమె పరిశోధన అటకెక్కినట్టే.

"పద, మేడ మీదికి," అన్నారాయన.

శ్రావణమాసం. ఆకాశం నల్లగా, దిగులుగా ఉంది. మెట్ల గది గుమ్మంలో, మోకాళ్ళు పట్టుకుని వెనకే ఎక్కిన నాతో కలిపి, ముగ్గురం నిలబడ్డాం. మాస్టారు మబ్బుకేసే చూస్తున్నారు. చివరికి టపటపా చినుకులు మొదలయ్యాయి.

అంతలో వాచ్‌మన్ నూకరాజు మమ్మల్ని తోసుకుంటూ పరుగెత్తాడు. హైమవతి పలక క్లిప్పులు చకచకా ఊడదీసి, తువ్వాలు కప్పి, వైరు వేలాడుతుండగానే గుండెకు హత్తుకుని లోపలికి తెచ్చాడు. సిలికాన్ పలక వానలోనే ఉండిపోయింది.

"ఏంటిది నూకరాజూ?" అంది హైమవతి.

"తవరు సేసిన మొదటి పలక తడిసి పాడైనప్పుడు తవరు ఏడిసేరు కదమ్మా. ఆ రోజు కాణ్ణుంచి దీని మీద సినుకు పడనీనేదు. పొద్దోతే మంచు పడతాదని లోపలెట్టి, తెల్లారి బిగించేత్తన్నాను. తప్పు సేసేనా?"

వాన పడ్డప్పుడల్లా కంప్యూటర్లో కరెంటు గీత కిందికి దిగితే మబ్బు వల్లే అనుకుంది పిచ్చిపిల్ల. మేమూ అలాగే అనుకున్నాం. ఎనిమిది నెలల కొలతలు ఆ తువ్వాలు కిందే పోయాయి. ఆమె అతన్ని పల్లెత్తు మాట అనలేదు. "లేదులే నూకరాజూ" అని మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

మాస్టారు ఆమె పక్కనే కూర్చున్నారు. బయట తడుస్తున్న సిలికాన్ పలక వైపు చెయ్యి చూపించారు.

"కొండ మీద నూకరాజు లేడమ్మా," అన్నారు.