దొడ్డమ్మకు అర్థమయ్యేదాకా

కొప్పరమడుగు చలికాలమంతా నిండుగా ఉంటుంది. వేసవి ముదిరేసరికి మాత్రం ఒక గేదె పొర్లడానికి సరిపడా బురదే మిగులుతుంది. అందుకని కార్తీకంలో వచ్చే అడవి బాతులు ఫాల్గుణం చివరికల్లా మంచుకొండల అవతల ఉన్న తమ చోటికి తిరిగి వెళ్లిపోతాయి.

తల వెనక రెండు నల్ల చారలుండే ఆ బాతుల్లో ఒక కట్టుబాటు ఉంది. వచ్చేటప్పుడు పిల్లలు తల్లిదండ్రుల వెనకే ఎలాగో వచ్చేస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం గుంపు పెద్ద ఉత్తరయ్య ముందు ఒక్కొక్కరే నిలబడి, అడిగిన పది ప్రశ్నలకూ నోటితో జవాబు చెప్పాలి. కొండల మీద ఒకరు తడబడితే వెనకున్న వరసంతా చెదిరిపోతుంది కాబట్టి, జవాబు చెప్పలేనివాళ్లు ఆ ఏటికి మడుగులోనే ఆగిపోవాలి. పెద్దవాళ్లెవరూ ముందుగా జవాబులు అందించకూడదు.

సువ్వి నిరుడు ఆగిపోయింది. తొమ్మిది చెప్పి పదో ప్రశ్న దగ్గర నోరు పెగల్లేదు. ఆమెతో పాటు ఇంకో నలుగురు మిగిలారు. వైశాఖంలో నీళ్లు ఇంకిపోయాక ఆ నలుగురూ ఒకరి తర్వాత ఒకరు కనబడకుండా పోయారు. అడవిపిల్లి పని అయి ఉంటుందని మడుగులో అందరూ అనుకున్నారు. సువ్వి బతికిందంటే అది దొడ్డమ్మ వల్లే.

దొడ్డమ్మ ఈతలుడిగిన ముసలి గేదె. మంద తనను వదిలేసి వెళ్లిపోయినా ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా, మడుగులో ఒక మూల బురదలో కూర్చుని నెమరు వేసుకుంటూ ఉండేది. నిరుడు వేసవిలో సువ్వి వణుకుతూ వచ్చి పక్కన నిలబడితే, ఏమైందని కూడా అడగలేదు. ముందుకాళ్లు కొంచెం ఎడం చేసి, ఆ మధ్యలో పడుకోమంది. అది మొదలు వానలు పడేదాకా సువ్వి అక్కడే పడుకుంది. ఆ సంగతి వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

మళ్లీ చలికాలం వచ్చింది, గుంపు వచ్చింది. సువ్వి ఈసారి ఎలాగైనా నెగ్గాలనుకుంది. రోజూ పొద్దున దొడ్డమ్మ ముందు నిలబడి తనకు తెలిసినవన్నీ పైకి వల్లించేది. దొడ్డమ్మకు ఎగరడమంటే ఏమిటో తెలియదు. ఏ మాటా ఒక పట్టాన బుర్రకెక్కేది కాదు. ప్రతిదానికీ ఎందుకు అని అడిగేది.

ఎండవేళ బయలుదేరకూడదు, గాలి పలచబడుతుంది అని సువ్వి ఒకరోజు చెప్పింది. గాలి పలచబడితే నీకేమిటి నష్టం అని దొడ్డమ్మ అడిగింది. రెక్క కింద పట్టు దొరకదంటే, పట్టంటే ఏమిటంది. సువ్వి చాలాసేపు ఆలోచించి, దొడ్డమ్మ కాళ్ల వంక చూసింది. చిక్కటి బురదను తొక్కితే ఒళ్లు పైకి లేస్తుంది, నీళ్లలాంటి బురదను తొక్కితే కాలు దిగబడిపోతుంది, గాలి కూడా అంతే అని చెప్పింది. దొడ్డమ్మ ఆ మాటను గడ్డితో పాటు ఒక రోజంతా నమిలింది. మర్నాడు తల ఎత్తి, "కొండల మీద కూడా గాలి పలచగానే ఉంటుందంటావు కదా. అయితే అక్కడి చెరువుల్లోంచి లేవాలంటే ఇక్కడికన్నా ఎక్కువ దూరం పరిగెత్తాలేమో అమ్మాయ్" అంది. సువ్వి ఆశ్చర్యపోయింది. ఉత్తరయ్య వేసే తర్వాతి ప్రశ్న సరిగ్గా అదే.

అలా ఒక్కొక్కటే సాగింది. గాలికి ఎదురుగానే ఎందుకు దిగాలి, బయలుదేరే ముందు కడుపు నిండా ఎందుకు తినకూడదు, తల చదునైన పెద్ద మబ్బు కనిపిస్తే కిందినుంచి దూరకుండా అంత చుట్టు తిరిగి ఎందుకు పోవాలి. దొడ్డమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి సువ్వి పడిన అవస్థ అంతా ఇంతా కాదు. కానీ చెప్పాక ఆ విషయం మళ్లీ మరిచిపోయేది కాదు. చిక్కంతా పదో ప్రశ్నతోనే వచ్చింది. గాలి రెక్కను వదిలేసి ఒళ్లు కిందికి జారిపోతుంటే ఏం చెయ్యాలి? సువ్వికి ఇప్పటికీ తెలియదు.

గవర్రాజు మాస్టారికి తెలుసు. మాస్టారంటే నక్క. నాలుగైదేళ్లుగా, పెద్దలు మేతకు పోయిన వేళ చూసి, కుర్ర బాతులకు పాఠాలు చెబుతున్నాడు. నీళ్లకు అవతలి గట్టు మీదే కూర్చునేవాడు, ఇవతలికి ఒక్క అడుగు వేసేవాడు కాదు. మీకు నా జాతి మీద అనుమానం ఉండటం సహజం, మధ్యలో నీళ్లుంటే మీకూ నాకూ మర్యాద అనేవాడు. ఆ మాటతోనే పిల్లలకు ఆయన మీద గురి కుదిరింది. ఆ ఏడు పరీక్షకు నిలబడే పన్నెండు మందిలో సువ్వి కాక మిగిలిన పదకొండు మందీ ఆయన శిష్యులే. ఆయనకు ప్రశ్నలు వరసతో సహా వచ్చు. పది జవాబులూ పది ముక్కల్లో చెప్పి, పాటలా పాడించేవాడు.

సువ్వి కూడా వెళ్లి ఆఖరున నిలబడి విన్నది. మొదటి తొమ్మిదీ తనకు తెలిసినవే, ఒక్క తప్పు లేదు. పదోది విని హమ్మయ్య అనుకుంది. జారిపోతుంటే ముక్కు బాగా పైకెత్తి, రెక్కలు గట్టిగా కొట్టాలట. కిందికి పోతున్నప్పుడు పైకి చూడటం సబబుగానే తోచింది.

ఆ సంతోషంతో వచ్చి దొడ్డమ్మకు చెప్పింది. దొడ్డమ్మ ఎప్పటిలాగే ఎందుకు అంది. సువ్వి, మాస్టారు చెప్పాడంది. మాస్టారు ఎందుకని చెప్పాడు అని దొడ్డమ్మ మళ్లీ అడిగింది. సువ్వికి కొంచెం విసుగొచ్చి పక్కకు తిరిగి కూర్చుంది.

ఆరోజు తూర్పుగాలి బలంగా వీస్తోంది. దొడ్డమ్మ చెవులు రెండూ పక్కలకు చాపి కూర్చుంది. ఊరికే అటు చూస్తున్న సువ్వికి ఒకటి కనిపించింది. చెవి అంచు కొద్దిగా పైకి లేచినప్పుడు గాలి దాన్ని మెల్లగా లేపి పట్టుకుంటోంది. దొడ్డమ్మ ఈగను తోలడానికి చెవిని ఇంకా నిటారుగా ఎత్తితే, గాలి దాన్ని లేపడం మానేసి టపటపా కొట్టి వదిలేస్తోంది.

"దొడ్డమ్మా, చెవి దించు" అంది సువ్వి. దించింది. గాలి మళ్లీ దాన్ని నిమ్మళంగా ఎత్తి పట్టుకుంది.

సువ్వి లేచి మడుగు మీదికి ఎగిరింది. తాటిచెట్టుకు మూడింతల ఎత్తుకు పోయి, వేగం తగ్గించి, మాస్టారు చెప్పినట్టు ముక్కు పైకెత్తింది. రెక్కలు ఒక్కసారి వణికాయి, ఆ తర్వాత వాటి కింద ఏమీ లేకుండా పోయింది. రాయిలా పడుతోంది. ఎంత కొడితే అంత పడుతోంది. మనసంతా పైకి చూడు, పైకి చూడు అంటుండగా బలవంతాన ముక్కు కిందికి దించింది. గాలి వచ్చి రెక్కకు తగిలింది, పట్టుకుంది. నీళ్లకు బారెడు ఎత్తులో ఆమె మళ్లీ ఎగురుతోంది.

ఒడ్డుకు వచ్చి జరిగింది చెప్పింది. దొడ్డమ్మ తన మెడతో ఆమె వీపు నిమిరి, "మాస్టారికి తెలియక చెప్పాడేమో, వెళ్లి అడిగిరా" అంది.

సువ్వి వెళ్లి నీళ్లలో నిలబడి, ముక్కు ఎందుకు ఎత్తాలండీ అని మర్యాదగానే అడిగింది. ఎందుకని అడిగేవాళ్లకు పరీక్షలో వేళ చాలదమ్మా, చెప్పింది చెప్పడమే అన్నాడు గవర్రాజు. తర్వాత జాలిగా చూసి, "అయినా నీకేం బెంగ? ఆగిపోయినా ఆ గేదె కాళ్ల మధ్య చోటు ఎలాగూ ఉందిగా" అన్నాడు.

సువ్వి తల ఊపి వెనక్కి తిరిగింది. నీళ్లలో సగం దూరం వచ్చాక ఈదడం ఆపేసింది. తాను ఎక్కడ పడుకునేదో ఆయనకెలా తెలుసు? రాత్రిళ్లు వచ్చి చూసినవాడికే తెలుస్తుంది. ఆ నలుగురినీ ఎత్తుకుపోయింది అడవిపిల్లి కాదు.

వెంటనే తోటివాళ్ల దగ్గరికి పోయి చెప్పింది. వాళ్లు నమ్మలేదు. తొమ్మిది జవాబులు సరైనవి చెప్పినవాడు పదోది తప్పెందుకు చెబుతాడన్నారు. నిరుడు తప్పినదానివి నువ్వా మాకు చెప్పేది అని ఒకడు అన్నాడు. సువ్వి వెనక్కి వచ్చేసింది.

పరీక్ష రోజున చీకటి విడకముందే వెళ్లి, అందరికన్నా ముందు తనను పిలవమని అడిగింది. ఉత్తరయ్య జమ్ముగడ్డి పక్కన ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. పన్నెండుసార్లు కొండలు దాటినవాడు, మాట తక్కువ. తొమ్మిది ప్రశ్నలూ అయ్యాయి. పదోదానికి సువ్వి ముక్కు దించాలని చెప్పి, ఎందుకో కూడా చెప్పింది. రెక్క మరీ నిటారుగా లేస్తే గాలి దాని పైవైపును అంటిపెట్టుకోలేక విడిపోతుందని, ముక్కు దించితేనే మళ్లీ అంటుకుంటుందని. ఆయన ఒంటికాలు మార్చుకున్నాడు. ఎందుకో చెప్పినవాళ్లు ఇంతవరకు లేరన్నాడు.

నువ్వు నెగ్గావు పొమ్మంటే సువ్వి కదల్లేదు.

"తాతగారూ, నా తర్వాత పదకొండు మందీ ముక్కు ఎత్తాలనే చెబుతారు. వాళ్లు మొద్దులు కారు. వాళ్లకలా నేర్పారు. ఆపేస్తే వాళ్లు వానలదాకా బతకరు" అని, తనకు తెలిసిందంతా గొంతు తగ్గించి చెప్పింది.

ఉత్తరయ్య ఎత్తిన కాలు నీళ్లలోకి దించాడు.

"నాలుగేళ్ల కింద మా చిన్నవాడు కూడా ఆ మాటే చెప్పాడు" అన్నాడు. "కన్నకొడుకని చూడకుండా ఆపాను. న్యాయం చేశాననుకున్నాను. ఏటా ముగ్గురో నలుగురో అచ్చం అదే మాట చెబుతుంటే, ఇది ఎక్కడిది అని ఒక్కసారీ అడగలేదమ్మా నేను."

సువ్వి దగ్గరగా జరిగి, ఆయన రెక్కకు రెక్క ఆనించి నిలబడింది.

కాసేపటికి ఉత్తరయ్య జమ్ముగడ్డి వంక చూశాడు. ప్రశ్నలు వరసతో సహా తెలిసినవాడు ఎక్కడ నక్కి విని ఉంటాడో ఇప్పుడు తట్టింది. పొద్దెక్కి, ఎప్పుడూ పరీక్ష పెట్టే వేళకు జమ్ములో అలికిడి వినబడ్డాక, మిగిలిన పదకొండు మందినీ పిలిచి, పదో ప్రశ్న ఒక్కటే అడిగి, అందరూ ఆ జవాబే చెప్పాక, మడుగంతా వినబడేలా పన్నెండు మందీ తప్పారు, ఇక్కడే ఆగిపోండి అన్నాడు. పిల్లలు బావురుమన్నారు. జమ్ములో ఏదో మెల్లగా కదిలి అవతలికి పోయింది.

అది పోయాక ఆయన పిల్లల్ని దగ్గరికి తీసుకుని అసలు సంగతి చెప్పాడు. ప్రయాణం మూడు రోజులు వాయిదా వేశాడు. ఈసారి పరీక్ష నా దగ్గర కాదు, ఆ గేదె దగ్గర అన్నాడు. ఆమెకు అర్థమయ్యేదాకా ఎవరు చెప్పగలిగితే వాళ్లే నెగ్గినట్టు.

ఆ మూడు రోజులూ దొడ్డమ్మ జన్మలో ఎన్నడూ లేనంత సందడి చూసింది. పదకొండు మందీ చుట్టూ చేరి బురద తొక్కమనేవారు, చెవి ఎత్తమనేవారు, దించమనేవారు. ఆమె ఏ ఒక్కరినీ సులువుగా వదల్లేదు. అర్థం కానిది అర్థమైందని అనడం ఆమెకు చేతకాదు. సువ్వి పక్కనే ఉండి, తడబడినవాళ్లకు ఓపికగా దారి చూపింది. నువ్వా మాకు చెప్పేది అన్నవాడు అందరికన్నా ఎక్కువసేపు తంటాలు పడి, నెగ్గాక సిగ్గుపడుతూ వచ్చి సువ్వి ముందు తల వంచాడు.

బయలుదేరేనాడు తెల్లవారుతుండగా సువ్వి దొడ్డమ్మ దగ్గరికి వెళ్లింది. ఇన్నాళ్లూ తన చేత చదివించింది తనను దూరం చేసే చదువేనని ఆమెకు మొదటి నుంచీ తెలుసు కదా అని అప్పుడు తోచింది. ఆ మాటే అడిగింది.

"తెలుసు" అంది దొడ్డమ్మ. "నీ కాళ్లు నేల మీద నిలవడానికి చేసినవి కావమ్మా. ఎండెక్కితే గాలి పలచబడుతుంది. ఇక బయలుదేరు."

గుంపంతా గాలికి ఎదురు తిరిగి, నీళ్ల మీద పరిగెత్తి లేచింది. దొడ్డమ్మ మెడలోతు నీళ్లలోకి నడిచి వెళ్లి చూస్తూ నిలబడింది. వాళ్లు ముందు తూర్పుకు ఎందుకు లేచారో, పడమట ఉన్న మబ్బును వదిలి ఎందుకు చుట్టు తిరిగారో, ఒకరి వెనక ఒకరు ఏటవాలుగా ఎందుకు సర్దుకున్నారో, నేల విడిచి ఎరగని ఆ గేదెకు అంతా తెలుస్తూనే ఉంది. కనుమ దాటేటప్పుడు ఇద్దరికి గాలి రెక్క వదిలిందట. ఇద్దరూ ముక్కు దించి తేరుకున్నారట. పన్నెండు మందీ ఇల్లు చేరారు.

గవర్రాజు ఇవేవీ చూడలేదు. పరీక్ష నాడు జమ్ములోంచి పోయినవాడు పోయినట్టే తాను కాపురముండే చెరుకు తోటకు వెళ్లాడు. ఈ వేసవి తనకు పన్నెండు బాతులున్నాయని గొప్పలు చెప్పి, ఎలుకలు పుష్కలంగా దొరికే తన తోటను బావమరిదికి ఇచ్చేశాడు. వైశాఖంలో పెళ్లాం పిల్లలతో మడుగుకు వచ్చి చూస్తే, ఎండిన బురద మధ్య ముసలి గేదె ఒక్కతే నెమరు వేసుకుంటోంది. తోటకు తిరిగి వెళ్తే బావమరిది గట్టు ఎక్కనివ్వలేదు. ఆ వేసవంతా మాస్టారు సంసారంతో సహా పీతలు ఏరుకుని తిన్నాడు.

ఎందుకో తెలియకుండా పట్టిన జవాబు ఎంత చక్కగా అప్పజెప్పినా అది మనది కాదు, తెలియనివాడికి అర్థమయ్యేలా చెప్పగలిగిననాడే అది మన చదువు.