బాబా కలిపిన పెట్రోలు

నబీరసూల్‌కు వచ్చిన కష్టమల్లా ఒక్కటే. గురువు మీద ఉన్న ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

ఆ గురువు గఫార్ షా బాబా. పెన్న ఒడ్డున ఒక చిన్న దర్గాకు పెద్ద. దర్గా వెనకే ఖబరస్తాన్ ఉంది. చుట్టుపక్కల పల్లెల ముస్లింలు తమవాళ్లను అక్కడే మట్టి చేస్తారు. బాబా బోధలు చేసింది తక్కువ, గడ్డి కోసింది ఎక్కువ. పెట్రోలుతో నడిచే గడ్డి మిషన్ భుజాన తగిలించుకుని వానాకాలమంతా సమాధుల మధ్య తిరుగుతుండేవాడు. ఇనుప బిళ్ల బిగిస్తే రాళ్లకు తగులుతుందని నైలాన్ తీగే కట్టేవాడు. ఆయన దగ్గర జ్ఞానం సంపాదించుకుందామని వచ్చిన పెద్దమనుషులు కూడా ముందు ఆ చప్పుడు ఆగేదాకా కాచుకోవలసిందే.

ఆ ఏడు ఎండలు ముదరకముందే బాబాకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. వైద్యానికని కర్నూలులో మేనకోడలి ఇంటికి తీసుకుపోయారు. ఆటో ఎక్కుతూ ఆయన రసూల్‌తో ఒకే మాట చెప్పాడు.

"మిషన్ జాగ్రత్త, నాయనా."

రసూల్ జాగ్రత్తగానే చూసుకున్నాడు. అంత జాగ్రత్తగా ఇంకెవరూ చూసుకోలేరు. దాన్ని తళతళలాడేలా తుడిచి, బాబా కూర్చునే చాప పక్కన పీట వేసి దాని మీద పెట్టాడు. బాబా వదిలివెళ్లిన పచ్చ తువ్వాలు కప్పాడు. పూటపూటా సాంబ్రాణి వేశాడు, మల్లెపూలు దొరికిన రోజు మాల కట్టి వేశాడు. దాని మీద ఈగను వాలనివ్వలేదు.

టాంకులో సగం దాకా పెట్రోలు మిగిలి ఉంది. బాబా తన చేత్తో నూనె కలిపి పోసిన పెట్రోలు. దాన్ని ఖర్చు చేయడానికి అతనికి మనసొప్పలేదు. బాబా మీద బెంగ పుట్టినప్పుడల్లా మూత తీసి వాసన చూసేవాడు. ఆయన పక్కనే నిలబడ్డట్టు ఉండేది. పాపం, ఆ వాసన మెల్లగా మారిపోతున్న సంగతి అతను గమనించనే లేదు.

ఇక దర్గాకు వచ్చేవాళ్లు ఊరుకుంటారా? పూలు కనబడ్డ చోటల్లా దండం పెట్టడం మనవాళ్లకు అలవాటే. ఒకాయన మిషన్‌ను ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఇంకొకాయన దాని ముందు చక్కెర పొట్లం పెట్టాడు. ఒకావిడ బిడ్డకు జ్వరమొస్తే మొక్కుకుని, దాని పిడికి ఎర్రదారం కట్టి వెళ్లింది. రసూల్ ఎవరినీ వద్దనలేదు. లోలోపల కాస్త సంతోషించాడు కూడా.

వానలు పడ్డాయి. గడ్డికి ఈ భక్తి సంగతులేవీ పట్టవు కాబట్టి అది పెరిగింది. రసూల్ కొడవలి పట్టుకుని దర్గా ముంగిలి, వచ్చిపోయే దారి మాత్రం కోయగలిగాడు. వెనక మూలన పసిబిడ్డల సమాధులున్నాయి. వాటికి పేర్లు చెక్కిన పలకలుండవు, తలవైపు పిడికెడంత రాయి ఒకటి ఉంటుంది. కొడవలి విసిరితే ఆ రాళ్లు కదిలిపోతాయని అతను అటు పోలేదు. మిషన్ తీయడానికేమో చేతులు రాలేదు. బాబా వచ్చాక ఆయనే కోసుకుంటాడులే అని సర్దిచెప్పుకున్నాడు.

బాబా వచ్చాడు. మనిషి సగమైపోయాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రసూల్ ఆయన చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు పొద్దున బాబా అరుగు మీద ఎండకు కూర్చుని ఉండగా మాబున్నీ వచ్చింది. పక్క ఊళ్లో గాజులమ్ముకునే మనిషి. ఏనాడో ఆమెకు ఏడాదైనా నిండని కూతురు పోతే ఆ వెనక మూలనే మట్టి చేసుకుంది. ఏటా బిడ్డ పోయిన రోజున గులాబీ రేకులు తెచ్చి చల్లి, కాసేపు కూర్చుని వెళుతుంది. ఆ రోజూ సలాం చెప్పి వెనక్కి వెళ్లింది. చాలాసేపటికి తిరిగొచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. చేతుల నిండా గడ్డి కోసిన గీతలు. రేకుల పొట్లం అలాగే ఉంది.

"బాబా, నా బిడ్డ యాడుంది?" అని అడిగింది.

రసూల్ తల ఎత్తలేకపోయాడు.

బాబా ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, మిషన్ తెమ్మన్నాడు. రసూల్ దాన్ని తువ్వాలుతో, పూలతో, దారంతో సహా తెచ్చి ముందు పెట్టాడు. బాబా దాన్ని ఎగాదిగా చూశాడు. తిట్లు తప్పవనుకున్నాడు రసూల్. బాబా ఎర్రదారాన్ని వేలితో తాకి, ఎవరిదని అడిగాడు. ఇట్లా ఒకావిడ బిడ్డకు జ్వరమొస్తే కట్టిందని రసూల్ గొణిగాడు.

"జ్వరం తగ్గిందా?"

"తగ్గింది బాబా."

"మంచిది."

దారాన్ని తెంపకుండా నిదానంగా ముడి విప్పి, దర్గా కిటికీకి కట్టి రమ్మని ఇచ్చాడు. వచ్చాక మిషన్ స్టార్ట్ చేయమన్నాడు. రసూల్ పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడగ నొక్కి, తాడు లాగాడు. భుజం నొప్పి పుట్టేదాకా లాగాడు. అది ఉలకలేదు, పలకలేదు.

బాబా టాంకు మూత తీసి రసూల్ ముక్కు దగ్గర పెట్టాడు. పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు పులిసిన వాసన కొట్టింది. ఒక రేకు డబ్బా తెప్పించి, బాబా టాంకును దానిలోకి వంచబోయాడు.

"బాబా, అది మీరు కలిపిన పెట్రోలు." రసూల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవును, నేను కలిపిందే. చెడిపోయింది" అని బాబా చివరి చుక్క దాకా వంచేశాడు.

తరువాత ఆయన పచ్చ తువ్వాలు తీసుకుని పర్రున చించాడు. పాత నూలుగుడ్డ మెత్తగా ఉంటుందని, తుడవడానికి ఇంతకంటే మంచిది దొరకదని అన్నాడు. రసూల్ ప్రాణం విలవిలలాడింది. అయినా ఆ గుడ్డముక్క అతని చేతికే వచ్చింది.

బాబా చేతులు వణుకుతున్నాయి. అందుకని ఆయన చెబుతుంటే రసూల్ చేశాడు. గాలి పీల్చే స్పాంజిని సబ్బునీళ్లలో పిండి ఎండలో పెట్టాడు. ప్లగ్గు విప్పి మసి తుడిచాడు. కార్బొరేటర్ విప్పితే లోపల పెట్రోలు జిగురై అంటుకుపోయి ఉంది. తన మోపెడ్‌లోంచి తీసిన పెట్రోలుతో దాన్ని కడిగాడు. సన్నని కన్నంలో ఊది ఊది దారి తెరిచాడు. విప్పిన మరలు పోకుండా మాబున్నీ కొంగులో పట్టుకుని కూర్చుంది, ఒక్కొక్కటే అడిగినప్పుడల్లా అందించింది. ఎవరూ తొందరపడలేదు.

పెట్రోలులో నూనె నువ్వే కలుపు అన్నాడు బాబా. రసూల్ కలిపి పోశాడు. తాడు లాగితే మిషన్ దగ్గింది. మళ్లీ లాగితే ఇంత పొగ కక్కి, గట్టిగా అందుకుంది.

రసూల్ అలవాటు చొప్పున దాన్ని బాబాకు అందించబోయాడు. బాబా పట్టీ తీసి అతని భుజానికే వేశాడు. వదులుగా ఉందని బిగించాడు కూడా.

వెనక మూలన బాబా చేతికర్రతో గడ్డిలో తడుముకుంటూ ముందు నడిచాడు. కర్రకు రాయి తగిలిన చోటల్లా ఆగి చూపించాడు. రసూల్ మిషన్‌ను కాస్త పైకెత్తి, రాయి చుట్టూ మెత్తగా కోసుకుంటూ వచ్చాడు. ఒక రాయి బయటపడింది, ఇంకొకటి, మరొకటి. మాబున్నీ ప్రతి రాయినీ వంగి చూసి, కాదని తల ఊపుతూ వచ్చింది. చివరికి గోడవారగా ఒక నల్లటి నున్నటి ఏటిరాయి కనబడగానే చెయ్యి పైకెత్తింది. రసూల్ మిషన్ ఆపేశాడు.

ఆమె కూర్చుని రాయికంటిన మట్టిని గోటితో గీకింది. కొంగుతో తుడిచింది.

"దాక్కున్నావా, అమ్మా?" అంటూ రేకులు చల్లింది.

రసూల్ ఇక నిలబడలేకపోయాడు. కోసిన గడ్డి మీదే బాబా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అతని ముఖం నిండా గడ్డిముక్కలు అంటుకున్నాయి.

"మీరు లేనప్పుడు నాకు అదొక్కటే మిగిలింది బాబా. అందుకే దాచుకుంటి."

"తెలుసు నాయనా" అన్నాడు బాబా. వంగి అతని చెంపల మీది గడ్డిముక్కలు ఒక్కొక్కటే దులిపాడు. ఊపిరి కుదుటపడేదాకా కర్ర మీద వాలి నిలబడ్డాడు.

"నా మీద కూడా గడ్డి మొలుస్తుంది, రసూలూ."

రసూల్ కళ్లు తుడుచుకుని లేచాడు. ఆ మూలలో ఇంకా చాలా రాళ్లు గడ్డి కిందే ఉన్నాయి.