దివాను వెనకుంటే కదలని కుర్చీ

రాజులూ కరెంటూ రెండూ ఉన్న కాలంలో, కాళ్లు స్వాధీనంలో లేని ఒక మహారాజుగారికి మోటారు కుర్చీ ఉండేది. బటన్ నొక్కితే మోటారు గుర్రుమనేదే గానీ చక్రం కదిలేది కాదు. దివానే వెనక నుంచి తోస్తూ, ఎవరికి పన్ను వేయాలో ఎవరిని తరిమేయాలో ఆయన చెవిలో ఊదేవాడు.

బాగుచేయడానికొచ్చిన మెకానిక్కుని దివాను జైల్లో వేయించాక, మిక్సీలు బాగుచేసే గవరయ్యకి పిలుపొచ్చింది. వంగి చూస్తే, మోటారుని చక్రానికి తగిలించే వెనక పిడి కిందికి దించేసి ఉంది. ఈ మాట దివానుతో అనే కాబోలు ముందువాడు జైలుకెళ్లాడు! గవరయ్య నోరు మూసుకుని పిడి ఎత్తేశాడు.

"ఏమిటోయ్ జబ్బు?" అన్నాడు రాజు కుతూహలంగా.

"ఇదీ నాలాంటిదే ప్రభూ, వెనక పెద్దమనుషులు నించుంటే పని సాగదు. దివానుగారు ముందు నడిస్తే చాలు."

"యంత్రానికి మనుషులు తెలుస్తారట్రా, వెధవా!" అని దివాను గుడ్లురిమాడు.

"నాకూ వింతగానే ఉంది దొరా. కదలకపోతే నన్నూ జైల్లో వేయండి."

దివాను ముందుకెళ్లాడు. రాజు బటన్ నొక్కగానే కుర్చీ దూసుకొచ్చింది. దివాను పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు.

రాజు కడుపుబ్బా నవ్వి కుర్చీ ఆపాడు. "ఇప్పుడు వెనక్కి రావయ్యా, నిజంగానే మొరాయిస్తుందేమో చూద్దాం."

రాజుగారి చెవి చేజారిపోతుందన్న కంగారులో దివాను వెనక్కొచ్చాడు. మళ్లీ గుర్రుమనడమే! ఎన్నడూ వెనక్కి చూడని రాజు మెడ తిప్పాడు. మళ్లీ కిందికి దించేసిన ఆ పిడి మీదే ఇంకా దివాను చెయ్యి ఉంది.

"పాడైంది ఏదో తెలిసిందోయ్! మార్చెయ్," అన్నాడు రాజు.

"అది మీరే మార్చాలి ప్రభూ. దివానులకి నా దగ్గర స్పేర్లు లేవు," అన్నాడు గవరయ్య.