ఏనుగు తరఫున క్షమాపణ

ఒకానొక రాజ్యంలో రాజుగారి ఎదుట కాలు చాపడం నేరం. దొంగతనానికైనా విచారణ ఉండేది గానీ ఈ నేరానికి అది కూడా లేదు. పెద్దల ముందు కాళ్ళు చాపకూడదన్నది ఎవరైనా పాటించే మర్యాదే. మల్లెకొండను ఏలిన ఉద్దండరాజు మాత్రం దాన్ని శాసనం చేసి కూర్చున్నాడు.

కూర్చున్నాడంటే మామూలుగా కాదు. సింహాసనం మీద ఎడమకాలు మడిచి, వెన్ను నిటారుగా పెట్టి, పొద్దుటి సభ ముగిసేదాకా కదిలేవాడు కాదు. ఆ కూర్చోవడాన్ని పొగుడుతూ పద్యం చెబితే పట్టుశాలువా ఖాయమని కవులందరికీ తెలుసు. పాపం వాళ్ళకీ చలికాలం ఉంటుంది కదా.

ఆ సభలో అందరికంటే పెద్దవాడు తిప్పన మంత్రి. రాజుగారి తండ్రి కాలం నుంచీ మంత్రాంగం చేసినవాడు. ఒకనాడు పండితులు వాదించుకుంటుండగా ఆయన ఎడమకాలు మెల్లగా ముందుకు చాపాడు. బొటనవేలు సరిగ్గా సింహాసనం వైపు తిరిగింది.

రాజు చూడనే చూశాడు. తుంటి పట్టేసిందని, కాలంతా లాగేస్తోందని ముసలాయన చెప్పుకోబోయాడు. వాపు ఏదీ, గాయం ఏదీ అని రాజు అడిగాడు. అవేవీ లేవని తిప్పన ఒప్పుకున్నాడు.

"కాలు చాపుకోవాలంటే ఇంట్లో మంచం ఉంటుంది మంత్రిగారూ. ఇది సభ, పశువుల కొట్టం కాదు" అని రాజు నవ్వాడు.

రాజు నవ్వితే సభ నవ్వకుండా ఉంటుందా? అందరూ నవ్వారు. తిప్పన లేవబోయి లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించి, స్తంభం పట్టుకుని లేచాడు. పక్కనున్నవాళ్ళు ఒక్కరూ చెయ్యి అందించలేదు. ఆయన తలవంచుకుని వెళ్ళిపోయి, కోనూరు అనే పల్లెలో ఉండిపోయాడు. తన మాట ఎంత బాగా పేలిందో తలచుకుని రాజు ఆ పూటంతా మురిసిపోయాడు.

కొంతకాలం గడిచింది. వేట నుంచి తిరిగొచ్చి అంబారీ దిగుతుంటే రాజుగారి నడుములో ఏదో కలుక్కుమంది. మర్నాడు మంచం దిగబోయేసరికి ఎడమ తుంటిలో మొదలై, తొడ వెనకగా, పిక్క మీదుగా, మడమ దాకా కాలిన తీగ లాగినట్టు నొప్పి. కూర్చుంటే నొప్పి. తుమ్మితే నొప్పి. చెప్పు తొడుక్కోవడానికి వంగితే ప్రాణం పోయినంత పని.

తలుపులు వేయించి, నిలువుటద్దం ముందు నిలబడి కాలు పరీక్షించుకున్నాడు. వాపు లేదు. గాయం లేదు. చర్మం మీద గీత కూడా లేదు.

అప్పుడు తిప్పన మంత్రి గుర్తొచ్చాడు. ముసలాయన చెప్పింది నిజమే. ఇంత నొప్పితో ఆయన స్తంభం పట్టుకుని లేస్తుంటే తాను నవ్వాడు. రాజుకి నిలువునా సిగ్గేసింది. నొప్పికైతే పళ్ళు బిగబట్టగలిగాడు గానీ ఆ సిగ్గుకి ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆస్థాన వైద్యుణ్ణి పిలిస్తే, ఇది తిప్పన మంత్రిగారికి వచ్చిన నొప్పే అంటాడు. ఆ మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరుగుతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. వ్రతం పట్టానని చెప్పి రాణిగారికి దూరంగా వేరే గదిలో పడుకున్నాడు. ఏ వ్రతమని ఆవిడ అడిగితే పేరు తోచక కోపం తెచ్చుకున్నాడు.

సభలో కూర్చోవడం ఎలాగ? ఇకమీదట నిలబడే సభ జరుపుతామని, నిలబడి చెప్పిన తీర్పుకే నిగ్గు ఎక్కువని ప్రకటించాడు. రాజు నిలబడి ఉండగా కూర్చోవడం ఎక్కడా లేదు కాబట్టి సభంతా నిలబడింది. పండితులు మోకాళ్ళు పట్టుకుని శ్లోకాలు క్లుప్తం చేశారు. ఇదివరకు పూటంతా సాగే వాదాలు చిటికెలో తేలిపోయాయి. ఆ ఒక్క మేలూ జరిగిందనే చెప్పాలి.

కానీ రాకుమారి చారుమతి పెళ్ళి దగ్గరపడుతోంది. పెళ్ళిపీట మీద కూర్చుని, అల్లుడి కాళ్ళు కడిగి, కన్యాదానం చెయ్యాలి. పీట జానెడు ఎత్తు కూడా ఉండదు. తంతు పూటంతా ఉంటుంది. తండ్రి కూర్చోలేకపోతే రాజుగారి తమ్ముడు కూర్చుంటాడు. కళ్ళెదుట తానుండగా తన బిడ్డని ఇంకొకరు ధారపోస్తారన్న ఊహకే రాజుకి అన్నం సహించలేదు.

ఇక లాభం లేదనుకుని గజవైద్యుణ్ణి పిలిపించాడు. పట్టపుటేనుగుకి ఎడమ తుంటి నుంచి మడమ దాకా నొప్పి పుట్టిందని చెప్పాడు. వైద్యుడు కాగెడు కషాయం కాచి, వెల్లుల్లీ ఆవాలూ ఇంగువా దంచి బానెడు పట్టు తయారుచేశాడు. ఏ రోగమూ లేని ఏనుగు మూడుపూటలా ఆ చేదు తాగలేక ఘీంకరించింది. పట్టు మాత్రం రాజుగారి గదికి చేరింది. అది రాసుకుంటే కాలు బొబ్బలెక్కింది, నొప్పి చెక్కుచెదరలేదు. అత్తరు సీసాలు ఎన్ని ఒంపుకున్నా ఇంగువ కంపు ముందే నడిచేది.

ఆ కంపు పసిగట్టినవాడు పేరిభట్టు. ఆస్థానంలో రాజుని నవ్వించడం ఆయన ఉద్యోగం, ఊరుకోలేకపోవడం ఆయన గుణం. ఏనుగు మందు రాజుగారి దగ్గర వాసన వస్తోంది. మావటిని అడిగితే ఏనుగు గంతులేస్తోందన్నాడు. పైగా ఒకరోజు సభలో రాజు తుమ్మి, స్తంభాన్ని కావలించుకున్నంత పని చేశాడు. సభ ముగిశాక పేరిభట్టు ఏకాంతంగా దర్శనం అడిగాడు.

"పట్టపుటేనుగుకి బాగాలేదట కదా ప్రభూ. తుమ్మినప్పుడు నొప్పి ఎక్కువవుతోందా?"

"అవుతోంది" అన్నాడు రాజు.

"మరి కూర్చుంటే?"

"కూర్చుంటేనే అసలు బాధ. సింహాసనం మీద కాస్సేపు..." అని రాజు ఠక్కున ఆగిపోయాడు.

చెవుల దాకా వేడెక్కింది. వీడు ఇప్పుడు నవ్వుతాడు, రేపటికి ఊరు నవ్వుతుంది అనుకున్నాడు. పేరిభట్టు నవ్వలేదు. ఏనుగులకి ఇలాంటివి వస్తూనే ఉంటాయని, అచ్చం ఇదే నొప్పి పడి నయం చేసుకున్న మనిషి ఒకాయన తనకు తెలుసునని చెప్పాడు. ఎవరాయన అని రాజు ఆత్రంగా అడిగాడు. కోనూరులో ఉన్న తిప్పన మంత్రిగారు అన్నాడు పేరిభట్టు.

రాజు కిటికీ వైపు తిరిగాడు. చివరికి, ఏనుగు కోసమని చెప్పి ఆ వైద్యమేమిటో కనుక్కురమ్మన్నాడు.

పేరిభట్టు వెళ్ళాడు, వచ్చాడు. తిప్పన మంత్రిగారి కాలు ఇప్పుడు బాగుందని, పొలం గట్ల మీద తిరుగుతున్నారని చెప్పాడు. వైద్యం తప్పకుండా చెబుతారట గానీ చిన్న చిక్కుందట. ఒకప్పుడు ఈ ఏనుగే నిండుసభ ఎదుట ఆయన్ని అవమానించిందట. నిండుసభలోనే అది క్షమాపణ చెప్పుకుంటే చాలునట.

రాజు గొంతు తగ్గించి అడిగాడు. "ఏనుగు ఏం చేసిందో ఆయన చెప్పాడా?"

"లేదు ప్రభూ. ఏనుగుకే తెలుసునన్నారు."

రాజు ఆలోచించాడు. ఏనుగుకి మోకరిల్లడం, తొండమెత్తి దండం పెట్టడం వచ్చు. అది వంగుతుంది, ముసలాయన వైద్యం చెబుతాడు, తన గుట్టు తన దగ్గరే ఉంటుంది. తన తెలివికి తానే ముచ్చటపడి, చాలా రోజుల తర్వాత మీసం దువ్వుకున్నాడు. సరేనన్నాడు.

తిప్పన మంత్రి పల్లకీలో వచ్చాడు. సభామండపం ముందున్న ముంగిట్లోకి అలంకరించిన ఏనుగుని తీసుకొచ్చారు. సభంతా నిలబడి చూస్తోంది. తిప్పన ఏమీ అర్థం కానట్టు అటూ ఇటూ చూశాడు. రాజు దాన్ని కోపమనుకుని చూపు తిప్పుకున్నాడు.

ఫలానా తప్పుకి పట్టపుటేనుగు మంత్రిగారి క్షమాపణ కోరుతోందని పేరిభట్టు ప్రకటించాడు. మావటి సైగ చేశాడు. ఏనుగు ముందుకాళ్ళు వంచింది, వెనకకాళ్ళు వంచింది, హాయిగా చతికిలబడి తొండమెత్తింది. మళ్ళీ సైగ చేస్తే ఊయల ఊగినంత సులువుగా లేచి నిలబడింది.

సభ గుసగుసలాడింది. తుంటి నొప్పితో మూలుగుతోందన్న ఏనుగు ఇదేనా? ఒక్కొక్కరి చూపూ ఏనుగు మీంచి మెల్లగా రాజు మీదికి వచ్చింది. ఎడమకాలు నేలకి ఆనీ ఆననట్టు పెట్టి, స్తంభానికి చేరగిలబడి ఉన్నాడు రాజు.

"ఏనుగు దండం పెట్టింది గానీ దానికి మాటలు రావు ప్రభూ" అన్నాడు పేరిభట్టు. "జరిగిన తప్పేమిటో తెలిసినవారు దాని తరఫున చెబితే బాగుంటుంది."

రాజుకి అప్పుడు అర్థమైంది. కోపం తన్నుకొచ్చింది. పేరిభట్టు తల తీయించమని ఒక్క మాటంటే చాలు. ఆ మాట కోసం నోరు తెరిచేసరికి తిప్పన మంత్రి కనిపించాడు. ఆయన చూస్తున్నది రాజు ముఖం వైపు కాదు, ఎడమకాలి వైపు. ఆ చూపులో ఎగతాళి లేదు. ఆ నొప్పి తెలిసినవాడి చూపు అది. దాని ముందు రాజు కోపం నిలవలేదు, సిగ్గు ఒక్కటే మిగిలింది.

"ఈ ఏనుగు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. స్తంభం వదిలి నిలబడ్డాడు. "ఏనుగు కాదు. నొప్పి నాది. మంత్రిగారూ, ఆ రోజు మీకు ఇదే నొప్పి. వాపు ఏదని అడిగాను. అందరిచేతా నవ్వించాను. మీరు లేవలేకపోతుంటే కూర్చుని చూశాను. ఇప్పుడు నా కాలికీ వాపు లేదు. మీకు ముఖం చూపించలేక ఏనుగు మీద పెట్టాను. నన్ను క్షమించండి."

ఆ రోజు నవ్వినవాళ్ళందరూ నేలచూపులు చూశారు. తిప్పన మంత్రి దగ్గరికి వచ్చి రాజు మోచెయ్యి పట్టుకున్నాడు.

"అవన్నీ తర్వాత ప్రభూ. ముందు పడుకోండి. నిలబడేకొద్దీ ఇంకా లాగుతుంది."

ఎక్కడ పడుకోవాలని రాజు అడిగాడు. ఇక్కడేనన్నాడు తిప్పన. సభ మధ్య తివాచీ మీద రాజుని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళ కింద రెండు బాలీసులు ఎత్తుగా పెట్టాడు. మల్లెకొండ ప్రభువుల పాదాలు నిండుసభ వైపు చాచుకుని ఉన్నాయి. కాస్సేపటికి తుంటిలో బిగిసిన ముడి వదులైంది. ఎన్నో రోజుల తర్వాత నొప్పి లేని ఊపిరి ఒకటి వచ్చింది. రాజు కళ్ళవెంట నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

పేరిభట్టు వంగి, ఎంతో వినయంగా మనవి చేశాడు. "ప్రభువులు నిలబడితే మేం నిలబడ్డాం. ఇప్పుడు పడుకున్నారు. మేం కనీసం కూర్చోవచ్చా?"

రాజుకి నవ్వు వచ్చింది. నవ్వితే కాలు లాగింది. అబ్బా అంటూనే నవ్వాడు. పండితులు అనుమతి కోసం ఆగకుండా ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడ్డారు.

ఆ రోజు నుంచి తిప్పన చెప్పినట్టు నడిచింది. మెత్తటి పరుపు పోయి చెక్క మంచం వచ్చింది. వావిలాకు వేసి కాచిన నీళ్ళ కాపడం, గోరువెచ్చని ఆముదం మర్దన, పారిజాతం ఆకుల కషాయం, తోటలో కొంచెం కొంచెం నడక. వ్రతం ఏమైందని రాణిగారు అడిగితే ఈసారి నిజం చెప్పాడు. నొప్పి ఒక్కసారిగా పోలేదు. మడమ వదిలి పిక్కలో కొన్నాళ్ళుండి, తొడకు ఎగబాకి, తుంటి దగ్గర సణుగుతూ ఉండిపోయింది.

పెళ్ళినాడు మందమైన గొంగళి మడత వేసిన పీట మీద కూర్చుని, రాజే అల్లుడి కాళ్ళు కడిగాడు. కూతుర్ని తన చేతులతోనే ధారపోశాడు. నడుమ లేచి మండపం చుట్టూ నాలుగడుగులు వేసి వచ్చాడు. ఏమిటని వియ్యంకుడు అడిగితే, తుంటి నొప్పి బావగారూ, ఎక్కువసేపు కూర్చోలేను అని మామూలుగా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. వియ్యంకుడైతే తన మోకాళ్ళ సంగతి ఎత్తుకుని ఒక పట్టాన వదల్లేదు.

పెళ్ళి సందడి తగ్గాక, తిప్పన పక్కన ఉండగా రాజు ఆగలేక అడిగాడు. తనకు బుద్ధి రావాలనే గదా క్షమాపణ కోరారని.

తిప్పన తెల్లబోయాడు. "నేనేమీ కోరలేదే ప్రభూ. తుంటి నొప్పికి వైద్యం కావాలని భట్టుగారు వస్తే, తెలిసిందంతా చెప్పి వావిలాకు మూట కట్టి ఇచ్చాను. తర్వాత ప్రభువులు చూడాలనుకుంటున్నారని పల్లకీ వస్తే ఎక్కి వచ్చాను."

"ఎవరికని కూడా అడగలేదా?"

"నొప్పి అన్నారు కదా. ఎవరికైతేనేం?"

రాజు తలదించుకున్నాడు. సభలో పడిన సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిదనిపించింది. పేరిభట్టుని పిలిపించి, మందు చేతిలో ఉండగా దాచి, లేని షరతు పెట్టి తనని నిలబెట్టావా అని నిలదీశాడు.

"ఆకులు కాలి నొప్పికే పనిచేస్తాయని మంత్రిగారు అన్నారు ప్రభూ" అన్నాడు పేరిభట్టు. "తమకు రెండు నొప్పులున్నట్టు నాకు కనబడింది. రెండోదానికి నాకు తెలిసిన వైద్యం అదొక్కటే."

"నేను ఒప్పుకోకపోయి ఉంటే?"

"మూట అప్పటికే నా సంచిలో ఉంది. సభ ముగియగానే ఇచ్చేసేవాణ్ణి. ఆ తర్వాత తల ఉంటే ఇంటికి పోయేవాణ్ణి."

ఉద్దండరాజు తుంటి పట్టుకుని మరీ నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి పేరిభట్టు మెడలో వేశాడు. చాలక చేతి కంకణం కూడా ఇచ్చాడు. తర్వాత తిప్పన మంత్రి వైపు తిరిగాడు. ఆయనకి ఏమివ్వాలో మాత్రం ఆ రాజుకి ఎంత ఆలోచించినా తోచలేదు.