పాప లేవకూడదు

దమయంతికి బలం తక్కువేమీ కాదు. బియ్యం బస్తాని ఎవరి సాయమూ లేకుండా అరుగు మీదికి ఎక్కించగలదు. కానీ వ్యాయామశాలలో ఇనప బార్ మాత్రం ఆమె మాట వినేది కాదు. నేల మీంచి ఒక్క ఊపులో తల మీదికి తీసుకెళ్ళి నిలబెట్టాలి. దాన్ని స్నాచ్ అంటారు. ఆమె తీసుకెళ్ళేది, అది నిలబడేది కాదు. ఒకరోజు ముందుకు పడేది, ఒకరోజు వెనక్కి పడేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో దమయంతి.

సలహాలకు లోటు లేదు. ఒక సీనియర్ ఛాతీ పైకెత్తమన్నాడు. ఇంకొకడు నడుము దించమన్నాడు. ఒక అక్క పైకప్పు చూడమంటే, మరో అక్క ఎదుటి గోడ చూడమంది. ఫోన్‌లో వీడియో పెట్టుకుంటే అందులో మనిషి ఇంకేదో చెప్పాడు, అదీ తెలియని భాషలో. పిల్ల మంచిది కాబట్టి ఎవరి మాటా కాదనలేక అన్నీ ఒకేసారి చెయ్యబోయేది. బార్ ముందు నిలబడగానే బుర్రలో సంత మొదలయ్యేది.

ఒక్క విద్య మాత్రం ఆమెకు త్వరగా పట్టుబడింది. పెద్ద లిఫ్టర్లు ఎత్తేటప్పుడు గట్టిగా కేకేస్తారు, పాదాలు దబ్బున నేలకేసి కొడతారు, పనయ్యాక బార్‌ని పైనుంచే వదిలేస్తారు. దమయంతి కేక వాళ్ళ కేక కంటే పెద్దది. ఆ కేకకి రేకుల మీది పావురాలు లేచిపోయేవి. అందరూ భేష్ అనేవారు. ఈలోగా బార్ ముందుకు పడిపోయేది.

వేసవిలో క్రీడా హాస్టల్‌కి ఎంపికలున్నాయి. మరుసటి ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఎంపికైతే చదువూ తిండీ వాళ్ళే చూస్తారు. కాకపోతే జీడిపప్పు ఫ్యాక్టరీయే. తల్లి రాములమ్మ అక్కడే గింజలు ఒలుస్తుంది. కూతురి గురించి మేస్త్రీ చెవిన ఒక మాట వేసి ఉంచింది కూడా. గింజల జిగురుకి రాములమ్మ వేళ్ళ చివర్లు నల్లగా కమిలి, చర్మం లేచిపోయి ఉంటాయి. అన్నం కలుపుతుంటే ఆ వేళ్ళు చూసినప్పుడల్లా దమయంతికి భయం వేసేది.

విజయనగరం దాటాక రోడ్డు పక్కనున్న ఆ వ్యాయామశాల రేకుల షెడ్డు లగుడు సన్యాసప్పడు మేష్టారిది. ఒకప్పుడు బాగా ఎత్తిన మనిషి. ఇప్పుడు ఒక మోకాలు వంగదు. మాటలు పొదుపు. ఎవరైనా తప్పుగా ఎత్తితే తిట్టడు, టీ తాగడానికి బయటికి వెళ్ళిపోతాడు. దమయంతి ఎత్తే రోజుల్లో ఆయన చాలా టీ తాగేవాడు.

ఒకరోజు ఆమె ఆ టీకొట్టు దగ్గరికే వెళ్ళింది. అందరూ చెప్పింది ఏకరువు పెట్టింది. ఇందులో ఏది పట్టుకోవాలి, ఏది వదిలెయ్యాలి అని అడిగింది.

మేష్టారు గ్లాసు కింద పెట్టి, "రేపు పెందలాడే రా గుంటా" అన్నాడు.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి షెడ్డులో కుడిపక్కన, గోడవార ఇనప దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టి ఉంది. అందులో మేష్టారి మనవరాలు నిద్రపోతోంది. ఆ పిల్ల తల్లి మిల్లులో పొద్దుటి డ్యూటీకి వెళ్ళిపోయింది.

"పాప లేవకండా ఎత్తు" అన్నాడు మేష్టారు. "లేస్తే ఊపు. పడుకున్నాక మళ్ళీ ఎత్తు."

అంతే. కర్ర పట్టుకుని వెళ్ళి గుమ్మం బయట కూర్చున్నాడు.

దమయంతికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఎవరైనా చేసే పనే చేసింది, రోజూలాగే ఎత్తింది. కేక, పాదాల చప్పుడు, చివర్న బార్ పడ్డ మోత. పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది. ఊపి ఊపి నిద్రపుచ్చేసరికి చేతులు పడిపోయాయి. ఈసారి కేక మింగేసి ఎత్తింది. పాదాలు దబ్బుమన్నాయి. పాప లేచింది. ఆ పొద్దున ఆమె బరువులెత్తినదాని కంటే ఉయ్యాల ఊపిందే ఎక్కువ.

ఇంటికెళ్ళి చెబితే రాములమ్మ చేట పక్కన పెట్టి మరీ విన్నది. "పిల్లనూపడానికి అంత దూరమెందుకే? మన వీధిలో చంటి గుంటలు కరువా?" అంది. నవ్వుతూనే అంది కానీ ఆ మాట దమయంతికి గుచ్చుకుంది. నిజమే కదా అనిపించింది. ముసలాయనకి మనవరాల్ని చూసుకునే మనిషి కావాలి కాబోలు, తనకే పాఠం అనే భ్రమ.

అయినా మర్నాడూ వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? ఆ షెడ్డు తప్ప ఆమెకు ఇంకో దారి లేదు.

పాప లేవకుండా ఉండాలంటే పాదాలు ఎగరకూడదు, పక్కకి జరిగి మెత్తగా నేలకి ఆనాలి. అది వచ్చేసరికి కొన్ని రోజులు పట్టింది. అసలు చిక్కు దించడంలో వచ్చింది. తలపై నుంచి బార్‌ని వదిలేస్తే పాప లేస్తుంది. చేతులు చాపి దూరంగా దించబోతే బరువు ఆమెనే ముందుకు లాక్కుపోయి ఢామ్మని పడుతుంది. ఒంటికి ఆనించుకుంటూ, పొట్ట మీదుగా, తొడల మీదుగా, చంటిపిల్లని దించినట్టు దించుకుంటేనే బార్ నోరు మూసుకునేది. అలా దించడానికి బార్ చివర్ల ఉన్న బరువు ప్లేట్లన్నీ తీసెయ్యాల్సి వచ్చింది. ఖాళీ బార్‌తో మిగిలింది.

సీనియర్లు ఊరుకుంటారా? "దమయంతీ, జోలపాట వచ్చా?" అని ఒకడు అడిగాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఎంపికలు దగ్గరపడుతుంటే తోటివాళ్ళు ప్లేట్లు పెంచుకుంటున్నారు, తను తీసేస్తోంది. ఇది ముందుకు పోవడమా, వెనక్కి పోవడమా? ఎవరినైనా అడుగుదామంటే మళ్ళీ ఆ సంతే.

ఒక్కో చిన్న ప్లేటూ తిరిగి ఎక్కింది. ఆమె గమనించలేదు కానీ ఎత్తేటప్పుడూ బార్ ఆ దారినే, ఒంటిని రాసుకుంటూ పైకి వెళ్తోంది. దాని గుర్తు రాములమ్మ కంటపడింది. బట్టలుతుకుతూ గొణిగింది. ఇన్నాళ్ళూ లేనిది ఈ మధ్య బనీను పొట్ట దగ్గర ఈ తుప్పు మరకలేమిటి, సబ్బంతా వీటికే అరిగిపోతోంది అంది. ఆ మరకల బనీనుతోనే దమయంతి షెడ్డుకి వెళ్ళింది. మేష్టారు ఆ మరకల వైపు కాసేపు చూశాడు. ఆ రోజు టీకి వెళ్ళలేదు.

ఎంపికలు ఇంక రెండు రోజులున్నాయనగా ఆమె ఆగలేకపోయింది.

"మేష్టారూ, నాకు మీరు ఏటీ నేర్పలేదు."

"పాప లేచిందా?"

"లేదు."

"మరైతే ఎత్తు."

ఆమెకు ఏడుపొచ్చింది. కానీ పాప పడుకుని ఉంది. ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడవాల్సి వచ్చింది.

విజయనగరంలో ఎంపికల హాలు నిండా జనం. మైకులో పేర్లు, ఈలలు, పడుతున్న బార్ల మోత. ఎత్తే ప్రతి పిల్లా కేక వేస్తోంది. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. దమయంతి వంతు వచ్చింది. ఇక్కడ నిద్రపోయే పాప లేదు కదా అనుకుంది. నోరు మూసుకుని ఎత్తితే వీళ్ళు బలం లేనిదనుకుంటారేమో. శక్తి కొద్దీ కేకేసి, పాదాలు దబ్బున కొట్టింది. బార్ ముందుకు పడింది.

రెండోసారి కేక వెయ్యలేదు. బదులుగా అందరి మాటలూ గుర్తు తెచ్చుకుంది. ఛాతీ, నడుము, పైకప్పు, ఎదుటి గోడ. బార్ వెనక్కి పడింది.

ఇంక ఒకటే మిగిలింది. సుద్దపొడి చేతులకి పట్టించుకుంటుంటే తల్లి నల్లటి వేళ్ళు గుర్తొచ్చాయి. ఏం చెయ్యాలో నిజంగా తెలియక, ఏదో ఒక్క మాటైనా చెబుతాడేమోనని మేష్టారి వైపు చూసింది.

మేష్టారు గోడవార ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆమెను చూడటం లేదు. కుడిచెయ్యి ముందుకు చాచి, లేని తాడేదో పట్టుకున్నట్టు గుప్పిట బిగించి, గాలిని మెల్లగా ఊపుతున్నాడు. పక్కవాళ్ళు ఈ ముసలాయనకేమైందని చూస్తున్నారు. ఆయన ఊపుతూనే ఉన్నాడు.

దమయంతి బార్ దగ్గరికి నడిచింది. అలవాటుగా అడుగులు మెత్తగా పడ్డాయి. వంగి పట్టుకుంది. ఆ తర్వాత సంగతి ఆమెకు సరిగా తెలియదు. తలమీద ఇనుము కదలకుండా ఉంది, చేతులు నిటారుగా ఉన్నాయి, ఎదుట కూర్చున్న న్యాయనిర్ణేత దించమని చెయ్యి చూపించాడు. అందరిలా ఆమె వదిలెయ్యలేదు. పొట్ట మీదుగా, తొడల మీదుగా తెచ్చి నేల మీద పడుకోబెట్టింది. చప్పుడు కాలేదు. హాల్లో ఎవరో నవ్వారు. ఆమె మాత్రం గబుక్కున కుడిపక్కకి తిరిగి చూసింది. అక్కడ ఉయ్యాల లేదు.

సాయంత్రం పేర్లు చదివారు. దమయంతి పేరుంది. బడి తెరిచే రోజుకి హాస్టల్లో చేరాలన్నారు. ఆమెకు మొదట తల్లి వేళ్ళు గుర్తొచ్చాయి, తర్వాత ఆకలి గుర్తొచ్చింది.

తిరుగు బస్సులో మేష్టారి పక్క సీటు దొరికింది. వంగని మోకాలుని ఆయన దారికి అడ్డంగా చాపుకుని కూర్చుంటే, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ విసుక్కుంటున్నారు. దమయంతి ఊరి పొలిమేర వచ్చాక అడిగింది.

"మేష్టారూ, ఒక్కటి సెప్పండి. మీరు నాకు నేర్పినారా? నేకపోతే నాను మీ మనవరాల్ని ఊపినానా?"

మేష్టారు నిజంగానే ఆలోచించాడు.

"రేపు పెందలాడే రా" అన్నాడు. "దాని తల్లికి డ్యూటీ ఉంది."