నిండేదాకా

ఐలేష్‌కు కావలసింది గురువు నోట ఒక్క మాట. జనగామలో సొంత దుకాణం పెట్టుకోవాలని అతని కోరిక. సికింద్రాబాద్‌లో వీడియో గేములు బాగుచేసే ఆ సందులో సర్టిఫికెట్లు ఉండవు. ఉస్తాద్ 'పో, పెట్టుకో' అంటేనే తోటి మెకానిక్‌లు పని పంపుతారు. యాకూబలీ ఉస్తాద్ ఆ మాట అనలేదు. అడిగినప్పుడల్లా శిష్యుడి చేతిలో ఉన్న పని చూపించి, ముందు ఇది కానివ్వు అనేవాడు.

ఆ రోజు చేతిలో ఉన్నది ప్రమీల అనే ఆవిడ తెచ్చిన పాత గేమ్ కన్సోల్. కంపెనీ వేసిన తాళం తీసేసి, ఏ హార్డ్ డిస్క్ పెట్టినా ఒప్పుకొనేలా ఉస్తాదే ఎప్పుడో మార్చి ఇచ్చాడు. ఆమె భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేశాడు. పక్షవాతం వచ్చి మాట పోయింది. కుడిచేయి మిగిలింది. ఆ చేత్తో రోజూ ఫుట్‌బాల్ ఆట ఆడతాడు. జట్టులో అందరికీ తనతో పనిచేసినవాళ్ల పేర్లు పెట్టుకున్నాడు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

కన్సోల్ లోపలి హార్డ్ డిస్క్ కొన్నాళ్లుగా కటకటమంటోంది. పెద్దది వేసి, ఇంకా ఆటలు నింపమని ప్రమీల అడిగింది. ఆ జట్టు మాత్రం పోకూడదంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి మళ్లీ అదే చెప్పింది.

ఐలేష్ రెండు టెరాబైట్ల డిస్క్ బిగించి, చిన్న డిస్కులకు చేసినట్టే చకచకా ఫార్మాట్ చేశాడు. జట్టును అందులోకి ఎక్కించి తెరిచి చూశాడు. పేర్లన్నీ ఉన్నాయి. పాత డిస్కుల్లో ఉన్నది మరొకరి కంట పడకుండా తుడిచేయడం ఆ దుకాణంలో అలవాటు. తుడవడానికి ప్రమీల పాత డిస్క్ అందుకున్నాడు.

ఉస్తాద్ ఆ డిస్క్‌ను అతని చేతిలోంచి తీసుకుని కుర్తా జేబులో వేసుకున్నాడు.

"నిండిందా?"

"ఏంది ఉస్తాద్?"

"కొత్తది."

ఐలేష్ నవ్వాడు. అంత డిస్క్ నింపాలంటే ఆ ఫిట్టర్ సారుకు ఇంకో జన్మ కావాలన్నాడు. జట్టు వచ్చింది, ఆట నడుస్తోంది, ఇంకా చూడాల్సింది ఏముందని అడిగాడు.

ఉస్తాద్ లేచాడు. దుకాణం కంప్యూటర్ నుంచి కన్సోల్‌కు వైరు కలిపి, కంప్యూటర్లో ఉన్న ఆటలన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించడం మొదలుపెట్టాడు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

మధ్యాహ్నమైంది. పక్క సెల్‌ఫోన్ దుకాణం అతను తొంగిచూసి, డిస్క్‌కు పెళ్లి విందు పెడుతున్నారా అని వెక్కిరించి పోయాడు. ఐలేష్ జనగామ మాట ఇంకోసారి ఎత్తాడు. ఉస్తాద్ డిస్క్ ఎంత నిండిందో చెబుతూ స్క్రీన్ మీద నెమ్మదిగా జరుగుతున్న గీతను వేలితో చూపించాడు.

సాయంత్రానికి ఆ గీత సగం దాటి చాలా దూరం పోయింది. అప్పుడు ఉస్తాద్ జట్టును తెరవమన్నాడు.

మొదట అర్థంలేని అక్షరాలు వచ్చాయి. ఐలేష్ మూసి మళ్లీ తెరిచాడు. ఈసారి ఫైలు పాడైందని వచ్చింది. మూడోసారి అదీ రాలేదు.

అతనికి తెలియని సంగతి కాదు. ఫార్మాట్ చేయడమంటే డిస్క్‌ను గళ్లుగా విడగొట్టడం. ఆ పాత కన్సోల్ లెక్కపెట్టగల గళ్లకు ఒక హద్దు ఉంది. పెద్ద డిస్క్‌కు పెద్ద గళ్లు పెట్టాలి. చిన్నవి పెడితే, మీటర్ తిరిగి సున్నాకు వచ్చినట్టు, లెక్క మళ్లీ మొదటి గడికే వస్తుంది. కొత్త సరుకు పాతదాని మీద పడుతుంది. చెయ్యి అలవాటు కొద్దీ చిన్న గళ్లే పెట్టింది.

ఐలేష్ అన్నాడు.

"పొద్దున మంచిగనే ఉండె, ఉస్తాద్."

"పొద్దున ఖాళీగ ఉండె."

అంతలో ప్రమీల వచ్చింది. అయిందా అని అడిగింది. ఇలాంటప్పుడు చెప్పడానికి ఆ సందులో అందరి దగ్గరా ఒకే మాట ఉంటుంది, సామాను రాలేదని. ఆమె కూడా ఆ మాటకు సిద్ధపడినట్టే నిలబడింది. ఉస్తాద్ తలెత్తలేదు.

"కాలేదక్కా," అన్నాడు ఐలేష్. "తప్పు నాది. కొత్త డిస్క్ సరిగ చెయ్యలే. అందుల ఎక్కించిన జట్టు ఖరాబైంది. పాతదాంట్ల భద్రంగ ఉంది. రేపు రాండ్రి."

ఆమె ముఖం పాలిపోయింది. చూపించమంది. పాత డిస్క్ మళ్లీ బిగించి చూపించారు. ప్రమీల పేర్లన్నీ పెదవులతో చదువుకుంది. చివరి పేరు దాకా చదివి, సరే, రేపే వస్తానని వెళ్లిపోయింది.

ఐలేష్ కొత్త డిస్క్‌ను ముందుకు లాక్కుని మొదటి నుంచీ మొదలుపెట్టాడు. జనగామ ఊసెత్తలేదు.

కాసేపటికి ఉస్తాద్, చేతిలో పని ఆపకుండానే అడిగాడు.

"దుకాణం ఏ రోడ్డుకు చూసినవ్ రా?"